లోరేన్ హంట్ లీబర్సన్: ఒపెరా పాత్రలు, విమర్శకుల ఆదరణ

లోరేన్ హంట్ లీబర్సన్ (1954 మార్చి 1 – 2006 జూలై 3) అమెరికాకు చెందిన మెజ్జో సొప్రానో గాయని. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. న్యూ మెక్సికో రాష్ట్రంలోని శాంటా ఫేలో, 52 ఏళ్ల వయసులో రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఒపెరా గాయనిగా ఆమె వెలిగిన కాలం సుమారు ఇరవై ఏళ్లు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరాలో తొలిసారి పాడేనాటికే ఆమెకు 45 ఏళ్లు. వెర్డీ ఒపెరాల్లో మెజ్జోలకు పేరు తెచ్చే పెద్ద పాత్రల మీద ఆమె తన జీవితాన్ని కట్టుకోలేదు. ఇంటర్వ్యూలకు, ప్రచారానికి దూరంగా ఉన్నారు. అయినా అమెరికాలో, ఇంగ్లండ్‌లో, ఫ్రాన్స్‌లో సంగీత విమర్శకులు ఆమెను మెచ్చుకున్నంత ఏకగ్రీవంగా ఆ తరంలో మరో గాయనిని మెచ్చుకోవడం అరుదు. ఆమె గురించి రాసినవాళ్లు గొంతు ఎలా ఉందో కొద్దిగా రాసి, ఆ గొంతు విన్నాక తమకేమైందో ఎక్కువగా రాశారు. ఈ ప్రశంస ఏ పాత్రలతో మొదలై ఎలా పెరిగింది, దాని వెనక ఉన్న సంగీత విద్య ఎలాంటిది అన్నది ఈ వ్యాసం విషయం.

స్త్రీల గొంతుల్లో పైస్థాయిది సొప్రానో, అడుగు స్థాయిది కాంట్రాల్టో. ఈ రెంటికీ నడుమ పలికేది మెజ్జో సొప్రానో. ఒపెరాలో నాయిక చాలావరకు సొప్రానోయే. మెజ్జోకు దక్కేవి తల్లులు, చెలికత్తెలు, మంత్రగత్తెలు, నాయికకు పోటీగా నిలిచే స్త్రీలు. వీటితో పాటు మీసాలు రాని కుర్రాళ్ల వేషాలు కూడా. తెలుగు రంగస్థలం మీద స్థానం నరసింహారావు సత్యభామగా మెప్పించినట్టే, అక్కడ స్త్రీలు రాకుమారులుగా, సైనికులుగా మెప్పిస్తారు. కార్మెన్, డిడో వంటి కొన్ని పాత్రల్లో మాత్రమే కథ మొత్తం మెజ్జో చుట్టూ తిరుగుతుంది. హంట్ లీబర్సన్ ఈ అన్ని రకాల పాత్రలూ పాడారు. మొదట్లో కొన్నేళ్లు సొప్రానో పాత్రలు కూడా పాడారు.

వయోలా నుంచి గాత్రానికి

ఆమె తల్లిదండ్రులిద్దరూ సంగీతం నేర్పేవారే. తల్లి కాంట్రాల్టో గాయని. శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఆమె వయోలా, గాత్రం రెండూ చదివారు. చాలాకాలం వయోలాయే బతుకుతెరువు. కెంట్ నగానో నడిపిన బర్క్‌లీ సింఫనీలో వయోలా వాయించారు. తర్వాత బాస్టన్ చేరి, ఇమ్మాన్యుయెల్ మ్యూజిక్ అనే బృందంలో కలిశారు. క్రెయిగ్ స్మిత్ 1970లో స్థాపించిన ఈ బృందం ఆదివారం ప్రార్థనలో బాఖ్ కాంటాటాలను (వాద్యాలతో పాడే భక్తిగానాలను) వారం వారం పాడుతూ వచ్చింది. ఆమె అక్కడ మొదట వాద్యబృందంలో కూర్చున్నారు, తర్వాత పాడేవాళ్ల వరుసలోకి వచ్చారు.

ఈ పూర్వరంగాన్ని జీవితచరిత్రలో ఒక చిన్న వివరంగా దాటేయడం సరికాదు. ఆర్కెస్ట్రాలో వయోలా స్థానం నట్టనడుమ. పైన వయొలిన్లు రాగాన్ని నడిపిస్తాయి, కింద చెల్లోలు, బేసులు ఆధారాన్నిస్తాయి. వయోలా వాయించేవారు ఈ రెంటినీ వింటూ, తమ స్వరాన్ని రెంటికీ సరిపెట్టాలి. అలా ఏళ్ల తరబడి విని విని పెరిగిన చెవి వేదిక ముందుకొచ్చి పాడితే ఎలా ఉంటుందో ఆమె రికార్డుల్లో స్పష్టంగా తెలుస్తుంది. పక్కన ఓబో మోగినా ఫ్లూట్ మోగినా దాని శ్వాస ఎక్కడ ఆగుతుందో ఆమెకు ముందే తెలిసినట్టు ఉంటుంది. కమాను తిప్పిన చోటు వినపడకుండా స్వరాన్ని సాగదీసే వాద్యకారుల నేర్పు ఆమె గొంతులో ఉంది. విమర్శకులు ఆత్మ అనీ తపస్సు అనీ పేరు పెట్టిన దానిలో పెద్ద వాటా ఈ చెవిదే.

సెస్టో: మొదటి గుర్తింపు

1985లో న్యూయార్క్ రాష్ట్రంలోని పర్చేస్ పట్టణంలో జరిగిన పెప్సికో సమ్మర్‌ఫేర్ ఉత్సవంలో దర్శకుడు పీటర్ సెల్లర్స్ హాండెల్ ఒపెరా 'జూలియో చేజరే'ను రంగం మీదికి తెచ్చారు. సంగీత నిర్వహణ క్రెయిగ్ స్మిత్‌ది. రోమన్ సేనాని జూలియస్ సీజర్ ఈజిప్టులో అడుగుపెట్టే కథను సెల్లర్స్ తన కాలపు పశ్చిమాసియాలోని ఒక హోటల్‌కు మార్చారు. ఆ ప్రయోగం మీద వాదోపవాదాలు చాలాకాలం నడిచాయి. సెస్టో పాత్ర వేసిన లోరేన్ హంట్ మీద మాత్రం వాదన లేదు. తండ్రి తలను నరికి కానుకగా పంపిన శత్రువు మీద పగబట్టిన కుర్రాడు సెస్టో. 1724లో తొలి ప్రదర్శనలోనే ఈ పాత్రను మార్గెరీటా డురాస్తాంతి అనే గాయని పాడింది. అంటే స్త్రీ కుర్రాడిగా నటించడం ఇందులో మొదటినుంచీ ఉన్నదే. సెల్లర్స్ ప్రదర్శన 1990లో చిత్రీకరణ జరుపుకొని వీడియోగా వచ్చింది. అందులో ఆమె మగపిల్లాడి నడకను అనుకరించడం మీద పెద్దగా ఆధారపడలేదు. దుఃఖానికీ కోపానికీ మధ్య నలిగిపోయే వయసును గొంతులోనే చూపించారు.

అదే దర్శకుడు మోజార్ట్ 'డాన్ జొవాన్నీ'ని న్యూయార్క్ హార్లెం వీధుల్లోకి దించినప్పుడు డొన్నా ఎల్విరాగా ఆమె పాడారు. ఇది సొప్రానో పాత్ర. ఆ రోజుల్లో నికొలస్ మెక్‌గేగన్ నిర్వహణలో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఫిలార్మోనియా బరోక్ ఆర్కెస్ట్రాతో ఆమె హాండెల్ కృతులు వరసగా రికార్డు చేశారు. వాటిలో 'సుజానా', 'థియొడోరా' ముఖ్యమైనవి. రెంటిలోనూ ఆమెదే టైటిల్ పాత్ర. చిన్న కంపెనీల రికార్డులు కావడంతో ఇవి పెద్ద దుకాణాల్లో కనపడేవి కావు. అయినా హాండెల్ సంగీతాన్ని పట్టించుకునే సమీక్షకుల నోట ఆమె పేరు స్థిరపడింది వీటివల్లే. బాస్టన్ గ్లోబ్ విమర్శకుడు రిచర్డ్ డయర్ వంటివారు అప్పటికే ఆమె ఎదుగుదలను దగ్గరనుంచి గమనిస్తూ రాస్తున్నారు.

హాండెల్ పాటల్లో 'దా కాపో' అనే పద్ధతి ఉంది. మొదటి భాగం పాడి, భిన్నమైన రెండో భాగం పాడి, మళ్లీ మొదటికి రావాలి. తిరిగి వచ్చినప్పుడు గాయకులు తమ సొంత అలంకారాలు జోడిస్తారు. చాలామందికి అది విద్వత్తు చూపే అవకాశం. ఆమె పద్ధతి వేరు. మొదటిసారి చెప్పిన మాటనే రెండోసారి చెబుతున్న మనిషి ఈలోగా మారిపోయిందని వినేవాళ్లకు తెలియాలి. అందుకోసం ఒక్కోసారి అలంకారాలు తగ్గించి, గొంతు కూడా తగ్గించి పాడేవారు. 1995లో మెక్‌గేగన్ నిర్వహణలో జర్మనీలోని గోటింగెన్‌లో చేసిన 'అరియొదాంతే' రికార్డులో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. ప్రియురాలు మోసం చేసిందని నమ్మిన నాయకుడు రెండో అంకంలో పాడే పాట అది. తంత్రీ వాద్యాలు గొంతు నొక్కుకుని మోగుతుంటే వాటిమీద బసూన్ మూలుగుతుంది. మొదటి భాగానికి తిరిగొచ్చేసరికి ఆ గొంతులో నిందించే ఓపిక కూడా మిగలదు.

ఫ్రెంచ్ రాణులు

యూరప్‌లో ఆమె పేరు నిలబెట్టినవి రెండు ఫ్రెంచ్ పాత్రలు. రెంటికీ సంగీత నిర్వాహకుడు విలియం క్రిస్టీ, వాద్యబృందం లెజార్ ఫ్లోరిసాఁ. మొదటిది షార్పాంటియే 1693లో కూర్చిన 'మెదే'. భర్త వదిలేస్తే కన్నబిడ్డలనే చంపే గ్రీకు మంత్రగత్తె మెడీయా కథ ఇది. సరిగ్గా మూడు వందల ఏళ్ల తర్వాత, 1993లో క్రిస్టీ దీన్ని రంగం మీదికి తెచ్చారు. మరుసటి ఏడాది రికార్డు చేశారు. అదే ఒపెరాను ఆయన అంతకు పదేళ్ల ముందు మరో గాయనితో ఒకసారి రికార్డు చేసి ఉన్నారు. మళ్లీ చేయడానికి హంట్ గొంతు ఒక్కటే చాలినంత కారణమని ఈ రెండో రికార్డు వింటే అనిపిస్తుంది. ఫ్రెంచ్ బరోక్ ఒపెరాలో పాట కంటే మాట ముఖ్యం. పద్యాన్ని చదువుతున్నట్టు, అయినా స్వరంలో ఉన్నట్టు సాగాలి. కాలిఫోర్నియానుంచి వచ్చిన గాయని ఆ భాషను అంత తేటగా పలకడం ఫ్రెంచ్ సమీక్షకులను ఆకట్టుకుంది.

రెండోది రామో 'హిప్పొలిత్ ఎ అరిసీ'లో సవతి కొడుకును ప్రేమించి నలిగిపోయే రాణి ఫేద్ర. 1996లో పారిస్ ఒపెరాలో పాడారు. పాత్ర నిడివి తక్కువ. వినేవాళ్లకు మిగిలేది మాత్రం ఎక్కువగా ఆమే.

ఐరీన్

ఆమె జీవితంలో శిఖరం ఏదని అడిగితే చాలామంది విమర్శకులు 1996 గ్లైండ్‌బోర్న్ 'థియొడోరా' పేరే చెబుతారు. ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. ఇంగ్లండ్‌లో ససెక్స్ పచ్చిక బయళ్ల నడుమ ఉన్న గ్లైండ్‌బోర్న్ ఉత్సవంలో, క్రిస్టీ నిర్వహణలో, సెల్లర్స్ దర్శకత్వంలో ఇది జరిగింది. టైటిల్ పాత్ర డాన్ అప్‌షాది, ప్రియుడు డిడిమస్ పాత్ర డేవిడ్ డేనియెల్స్‌ది. ఐదేళ్ల కిందట రికార్డులో థియొడోరాగా పాడిన లోరేన్ హంట్ ఇక్కడ ఆమె స్నేహితురాలు ఐరీన్‌గా వచ్చారు.

'థియొడోరా' నిజానికి ఒపెరా కాదు, ఒరటోరియో. అంటే వేషాలూ రంగాలంకరణా లేకుండా నిలబడి పాడే కథాగానం. హాండెల్ 1750లో లండన్‌లో దీన్ని ప్రదర్శిస్తే ఆ ఏడాది మూడు ప్రదర్శనలకే ఆగిపోయింది. హాండెల్‌కు మాత్రం ఇది చాలా ఇష్టమైన కృతి అని చెబుతారు. కథ రోమన్ పాలనలోని అంటియోక్ నగరంలో జరుగుతుంది. చక్రవర్తి దేవతలకు మొక్కనని నిలబడిన క్రైస్తవ యువతినీ, ఆమెను కాపాడబోయిన రోమన్ సైనికుణ్ణీ చంపుతారు. సెల్లర్స్ దీన్ని సమకాలీన అమెరికాకు తెచ్చారు. చివరి రంగంలో విషపు ఇంజెక్షన్‌తో మరణశిక్ష అమలవుతుంది.

ఈ కథలో ఐరీన్ చేసే పని ఏమీ లేదు. ఆమె ఎవరినీ ఎదిరించదు, ఎవరినీ తప్పించదు, ప్రేమించదు, చావదు. ప్రార్థిస్తుంది, ఎదురుచూస్తుంది, తన చుట్టూ ఉన్నవాళ్లకు ధైర్యం చెబుతుంది. హాండెల్ కాలంలో ఈ పాత్ర పాడినది మెజ్జో గాయని కాతెరీనా గాల్లి. నాటకం లేని ఇలాంటి పాత్రతో ఒక సాయంత్రాన్ని తనవైపు తిప్పుకోవడం సామాన్యం కాదు. మొదటి అంకంలో తెల్లవారడాన్ని ఉపమానంగా తీసుకుని ఐరీన్ నెమ్మదిగా పాడే పాట ఒకటుంది. చీకటిలోనుంచి వెలుగు ఎంత నిదానంగా వస్తుందో స్వరాలు అంత నిదానంగా ఎక్కుతాయి. హంట్ దాన్ని సన్నటి గొంతుతో మొదలుపెట్టి, కంపన లేకుండా నిలిపిన స్వరంలోకి కొద్దికొద్దిగా వెచ్చదనం నింపారు. తిరిగి మొదటి భాగానికి వచ్చినప్పుడు మరింత తగ్గించారు. చేతుల కదలిక కూడా పాటలో భాగమే. సెల్లర్స్ కోరస్ మొత్తానికి ఒక సంజ్ఞల భాష నేర్పారు. మిగతావాళ్ల చేతుల్లో అక్కడక్కడ అది సాధన చేసిన వ్యాయామంలా కనిపిస్తుంది. ఆమె చేతుల్లో మాత్రం మాట నోటినుంచి రాకముందే చేతికి వచ్చినట్టుంటుంది.

సెల్లర్స్ పద్ధతి నచ్చనివారు కూడా ఐరీన్‌ను మెచ్చుకున్నారు. ఈ ప్రదర్శన వీడియోగా ప్రపంచమంతా తిరిగింది. అంతవరకూ సంగీత పండితుల ఆసక్తిగా మిగిలిన 'థియొడోరా' ఆ తర్వాత ఒపెరా రంగస్థలాల మీద తరచూ కనిపించడానికి ఈ ప్రదర్శనే పెద్ద దారి వేసింది. ఒక గాయనికి దక్కిన ప్రశంస ఒక కృతి భవిష్యత్తును కూడా మార్చగలదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

అశోకుడి కథ, న్యూయార్క్ రంగస్థలం

1997 ఆమెకు రెండు ముఖ్యమైన పాత్రలిచ్చింది. న్యూయార్క్ సిటీ ఒపెరాలో స్టీఫెన్ వాడ్స్‌వర్త్ దర్శకత్వం వహించిన హాండెల్ 'జెర్క్సీస్'లో పర్షియా చక్రవర్తిగా పాడారు. 1738లో కఫారెల్లి అనే కస్త్రాతో గాయకుడి కోసం, అంటే పైస్థాయి గొంతు నిలవడానికి చిన్నప్పుడే శస్త్రచికిత్స చేసిన పురుష గాయకుడి కోసం రాసిన పాత్ర అది. హాస్యమూ అహంకారమూ కలిసిన ఈ వేషం, ఆమె విషాదానికే సరిపోతుందనుకున్నవాళ్ల అంచనా తప్పని చూపింది.

ఆ వేసవిలోనే శాంటా ఫే ఒపెరా 'అశోకాస్ డ్రీమ్' అనే కొత్త ఒపెరాను తొలిసారి ప్రదర్శించింది. కళింగ యుద్ధం తర్వాత మనసు మారిన మౌర్య చక్రవర్తి కథ ఇది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఈనాటికీ ఎవరి శాసనాలు కనిపిస్తాయో ఆ అశోకుడే. స్వరకర్త పీటర్ లీబర్సన్ (1946–2011) టిబెటన్ బౌద్ధాన్ని శ్రద్ధగా సాధన చేసినవారు. లోరేన్ ఇందులో రాణి త్రిరక్ష పాత్ర పాడారు. ఒపెరా ఎక్కువ కాలం నిలవలేదు. ఆ రిహార్సళ్లలో కలిసిన స్వరకర్త, గాయని 1999లో పెళ్లి చేసుకున్నారు. అక్కడినుంచి ఆమె పేరు హంట్ లీబర్సన్.

1999 డిసెంబరు 20న జాన్ హార్బిసన్ కొత్త ఒపెరా 'ద గ్రేట్ గాట్స్‌బీ' ద్వారా ఆమె మెట్రోపాలిటన్ ఒపెరాలో అడుగుపెట్టారు. జేమ్స్ లెవైన్ నిర్వాహకుడు. ఆమెది గ్యారేజీ యజమాని భార్య మర్టిల్ పాత్ర. నిడివి తక్కువ, చావు తొందరగా వస్తుంది. ఒపెరా మీద సమీక్షలు మిశ్రమంగా వచ్చాయి. మర్టిల్ మీద మాత్రం మెప్పే వచ్చింది.

అసలు పరీక్ష 2003 ఫిబ్రవరిలో వచ్చింది. బెర్లియోజ్ పుట్టి రెండు వందల ఏళ్లయిన సందర్భంగా మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) ఆయన మహాకృతి 'లె త్రోయెన్'ను ఫ్రాన్సెస్కా జాంబెల్లో దర్శకత్వంలో కొత్తగా ప్రదర్శించింది. వర్జిల్ కావ్యం ఆధారంగా రాసిన ఈ ఒపెరాకు ఐదు అంకాలు. కార్తేజ్ రాణి డిడో మూడో అంకంలో వస్తుంది. ట్రాయ్ వీరుడు ఏనియస్‌ను ప్రేమిస్తుంది, అతను ఇటలీకి ఓడ ఎక్కితే చితి పేర్పించుకుని చనిపోతుంది. మెట్ హాలులో సుమారు 3,800 మంది కూర్చుంటారు. బెర్లియోజ్ ఆర్కెస్ట్రా చాలా పెద్దది. చిన్న బరోక్ బృందాలతో పాడి పేరు తెచ్చుకున్న గొంతు అక్కడ నిలుస్తుందా అన్న సందేహం సహజమే. ఆమె గొంతు పెంచి గెలవాలని చూడలేదు. హాలే తనవైపు వంగి వినేలా పాడారు. నగరానికీ ప్రజలకూ వీడ్కోలు చెప్పే చివరి గీతంలో ఒక్కో మాటకూ మధ్య వదిలిన ఖాళీ, ఆ మాటలంత బరువుగా ఉంటుంది. న్యూయార్క్ పత్రికలు మూకుమ్మడిగా ఆమెను పొగిడాయి. రేడియో ప్రసారం పుణ్యమా అని ఆ డిడోను ఇప్పటికీ వినవచ్చు.

2004 జనవరిలో ద న్యూయార్కర్ పత్రిక చార్లెస్ మిష్నర్ రాసిన పెద్ద వ్యాసాన్ని ప్రచురించింది. 'ద సోల్ సింగర్' అని దాని పేరు. సంగీత ప్రపంచం బయటి పాఠకులకు ఆమెను పరిచయం చేసిన వ్యాసాల్లో ఇది ముఖ్యమైనది.

ఒపెరా గడప దాటి

2000లో పారిస్ షాత్లే థియేటర్‌లో జాన్ ఆడమ్స్ 'ఎల్ నిన్యో' తొలి ప్రదర్శనలో ఆమె పాడారు. మరుసటి ఏడాది బాఖ్ రెండు కాంటాటాలను, 82, 199 సంఖ్యలవి, సెల్లర్స్ ఆమె కోసం రంగస్థలానికి మలిచారు. 82వది మరణాన్ని తృప్తితో ఆహ్వానించే మనిషి పాట. ఆమె ఆసుపత్రి గౌనుతో వేదిక మీదికి వచ్చి పాడారు. 2003లో నోన్‌సచ్ కంపెనీ విడుదల చేసిన దాని రికార్డులో సంగీతాన్ని నడిపింది క్రెయిగ్ స్మిత్, వాద్యబృందం పాత ఇమ్మాన్యుయెల్ మ్యూజిక్. బాస్టన్‌లో ఎవరి నడుమ వాద్యబృందంనుంచి గాత్రంలోకి వచ్చారో ఆ మనుషుల నడుమే ఆమె అత్యంత ఖ్యాతి పొందిన రికార్డు తయారైంది.

2005లో శాన్ ఫ్రాన్సిస్కో ఒపెరా తొలిసారి ప్రదర్శించిన ఆడమ్స్ 'డాక్టర్ అటామిక్'లో అణుబాంబు శాస్త్రవేత్త భార్య కిట్టీ ఓపెన్‌హైమర్ పాత్ర ఆమెను మనసులో పెట్టుకుని రాసిందే. అనారోగ్యం వల్ల పాడలేకపోయారు. ఆ ఏడాది మేలోనే లాస్ ఏంజెలిస్‌లో ఈసా పెక్కా సలోనెన్ నిర్వహణలో భర్త కూర్చిన 'నెరూడా సాంగ్స్' తొలిసారి పాడారు. చిలీ కవి పాబ్లో నెరూడా ప్రేమ సానెట్లలో ఐదింటికి కట్టిన స్వరాలివి. నవంబరులో లెవైన్ నిర్వహణలో బాస్టన్ సింఫనీతో పాడినప్పటి రికార్డు ఆమె పోయాక విడుదలైంది.

పొగడ్తలోని ఒక ఇబ్బంది

ఆమె మరణం తర్వాత ద న్యూయార్కర్ విమర్శకుడు అలెక్స్ రాస్, తాను విన్న గాయకులందరిలోకీ విశిష్టమైనవారు ఆమేనని రాశారు. ఆ స్మృతివ్యాసం 2010లో వచ్చిన ఆయన పుస్తకం 'లిజన్ టు దిస్'లో చేరింది. ద న్యూయార్క్ టైమ్స్‌లో ఆంథొనీ టొమ్మసీనీ కూడా ఆమెను చాలా ఎత్తున నిలిపి రాశారు. ఇవన్నీ మనసులోంచి వచ్చిన మాటలే. కానీ ఇలాంటి రాతలు పోగుపడేకొద్దీ ఒక ఇబ్బంది తలెత్తింది. ఆసుపత్రి గౌనులో పాడిన బాఖ్‌నూ, భర్త రాసిన ప్రేమగీతాలనూ, ఆమె జబ్బునూ కలిపి చదవడం అలవాటైపోయింది. దాంతో ఆమె పాటలో ఉన్నది బాధే అన్న భావం బలపడింది. 1985 సెస్టోలో, 1993 మెదేలో, 1996 ఐరీన్‌లో ఉన్న గొంతు ఆరోగ్యంగా ఉన్న గొంతు. ఆ పాత్రలకు వచ్చిన ప్రశంసకూ జబ్బుకూ సంబంధం లేదు. హల్లును ఎక్కడ తేల్చాలి, ఊపిరి ఎక్కడ దాచాలి, కంపనను ఎప్పుడు ఆపి ఎప్పుడు వదలాలి అన్న లెక్కలన్నీ ఆమె చిన్ననాటినుంచి ఆర్కెస్ట్రాల్లో నేర్చుకున్నవే. ఆమెను ఋషిలా చూసిన రాతలు ఆమె పనితనానికి దక్కాల్సిన వాటాను కొంత తగ్గించాయి.

అవార్డుల లెక్క చిన్నది. 2001లో మ్యూజికల్ అమెరికా ఆమెను ఆ ఏటి గాయనిగా ఎంచుకుంది. గ్రామీలు మరణానంతరం వచ్చాయి. పీటర్ లీబర్సన్ 'రిల్కే సాంగ్స్' గానానికి 2007లో, 'నెరూడా సాంగ్స్' గానానికి 2008లో, ఉత్తమ శాస్త్రీయ గాత్ర విభాగంలో వరసగా రెండేళ్లు. 'నెరూడా సాంగ్స్' రచనకు లీబర్సన్‌కు 2008 గ్రామెయర్ అవార్డు దక్కింది.

మిగిలిన రికార్డులు

స్టూడియోలో పెద్ద కంపెనీలతో చేసిన రికార్డులు తక్కువ కావడంతో ఆమె వారసత్వం ఎక్కువగా కచేరీల్లో పట్టుకున్న శబ్దాల మీదే నిలిచింది. 1998లో లండన్ విగ్మోర్ హాల్‌లో రోజర్ విన్యోల్స్ పియానోతో పాడిన కచేరీని ఆ హాలే తర్వాత విడుదల చేసింది. హ్యారీ బికెట్ నిర్వహణలో హాండెల్ పాటల సంపుటి 2004లో వచ్చింది. ఫిలార్మోనియా బరోక్ 2011లో తన సొంత లేబుల్ మొదలుపెట్టినప్పుడు మొదటి విడుదలగా ఎంచుకున్నది ఆమె పాత కచేరీల రికార్డే. అందులో బెర్లియోజ్ గీతమాల 'లె న్విదెతే', హాండెల్ పాటలు ఉన్నాయి. కొత్తగా వినేవారు గ్లైండ్‌బోర్న్ వీడియోతో మొదలుపెట్టి, 'మెదే' మీదుగా మెట్ డిడోకు చేరితే ఆమె గొంతు ఎటునుంచి ఎటు నడిచిందో తెలుస్తుంది.

'నెరూడా సాంగ్స్' ఆమెతో ఆగిపోలేదు. కెల్లీ ఓకానర్ అట్లాంటా సింఫనీతో వాటిని మళ్లీ రికార్డు చేశారు. లీబర్సన్ మరికొన్ని నెరూడా సానెట్లకు స్వరాలు కట్టి 'సాంగ్స్ ఆఫ్ లవ్ అండ్ సారో' పేరుతో భార్య స్మృతిలో మరో కృతి చేశారు. 2010లో బాస్టన్ సింఫనీతో దాన్ని తొలిసారి పాడింది జెరాల్డ్ ఫిన్లీ అనే బారిటోన్ గాయకుడు.